అన్నం గిన్నె కూడా పాఠమే



‘పాటర్’ అంటే ఎవరని మీ పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. చాలామంది ‘హ్యారీ పాటర్’ అంటారు. తప్పేమీ లేదు, ఆ పేరు వాళ్లకు సినిమాల వల్ల తెలుసు. కానీ ఆ మాటకు అసలు అర్థం కుమ్మరి. ఆరో తరగతిలో ఈ సంగతి చెప్పగానే క్లాసంతా నవ్వింది. ‘అంత పెద్ద మాంత్రికుడి ఇంటిపేరు కుమ్మరా మేడమ్!’ అని అడిగారు. వాళ్లకు అది నిజంగానే ఆశ్చర్యం. ఒకే పనికి రెండు పేర్లు ఉంటే, ఇంగ్లిష్ పేరు గొప్పగానూ మన పేరు చిన్నగానూ వాళ్ల చెవికి వినిపిస్తోంది. అందుకే ఈ నెల పాఠానికి కుమ్మరి పనిని ఎంచుకున్నాను. రోజూ అన్నం తినే గిన్నె నుంచి పిల్లలు ఏం నేర్చుకోవచ్చో ఇందులో చెప్తాను. చివర ఇంట్లో చేయదగిన పనులు కూడా ఉన్నాయి. వీలైతే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

జపాన్‌లో ఒక కుమ్మరుల ఊరు

జపాన్ రాజధాని టోక్యోకు ఉత్తరంగా, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో మాషికో అనే చిన్న ఊరు ఉంది. 19వ శతాబ్దం మధ్య నుంచి అక్కడ కుండలు చేస్తున్నారు. అక్కడ చేసినవి రాజుల కోసం చేసిన పింగాణీ పాత్రలు కావు. నీళ్ల తొట్లు, పచ్చడి జాడీలు, టీ కూజాలు, నూరుకునే గిన్నెలు, ఇలా వంటింట్లో రోజూ వాడేవే.

ఆ ఊరికి 1924లో హమాడా షోజి అనే యువకుడు వచ్చాడు. 1894లో పుట్టిన ఆయన టోక్యోలో కాలేజీ స్థాయిలో కుండల పని చదువుకున్నాడు. మట్టి రసాయన శాస్త్రం తెలుసు, మెరుగు పూతల లెక్కలు తెలుసు. 1920లో బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లిష్ కుమ్మరితో కలిసి ఇంగ్లండ్ వెళ్లి, సెయింట్ ఐవ్స్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఆవం కట్టి మూడేళ్లకు పైగా పనిచేశాడు. లండన్‌లో ఆయన పాత్రలకు ప్రదర్శనలు కూడా జరిగాయి. అంత చదువు, అంత పేరు ఉన్న మనిషి నగరంలో స్థిరపడతాడని అందరూ అనుకుంటారు. ఆయన మాత్రం వంటింటి కుండలు చేసే పల్లెటూరిని వెతుక్కుని వెళ్లాడు.

అక్కడ ఆయన వాడినవి ఆ ఊరి మట్టి, ఆ ఊరి రాతి పొడి. వరి ఊక కాల్చిన బూడిదతో తెల్లని మెరుగు పూత వస్తుంది, దాన్ని వాడాడు. మన ఊళ్లలో గిన్నెలు తోమడానికి వాడిన బూడిద లాంటిదే అది. ఆయన సారె కూడా కరెంటుతో నడిచేది కాదు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, సారెలో కర్ర పెట్టి చేత్తో తిప్పేవాడు. మన కుమ్మరులు కర్రతో సారె తిప్పడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఆయన పళ్లేల మీద బొమ్మలు కూడా సాదా సీదాగా ఉంటాయి. ఒకినావా అనే దీవిలో గాలికి ఊగే చెరకు మొక్కను చూసి ఒక బొమ్మ గీసుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు, నాలుగైదు కుంచె గీతలతో అదే చెరకును వేల పాత్రల మీద వేశాడు. ప్రతిసారీ అది కొంచెం వేరుగా వచ్చేది. పెద్ద పళ్లెం మీద మెరుగు పూతను గరిటెతో ఒక్క ఊపున పోయడం ఆయన అలవాటు. పదిహేను సెకన్లలో అయిపోయే పనికి అంత విలువ ఏమిటని ఒకరు అడిగితే, ఆ పదిహేను సెకన్లకు అరవై ఏళ్ల అనుభవాన్ని కూడా కలుపుకోమన్నట్టు జవాబిచ్చాడట. పరీక్షలో పది నిమిషాల్లో లెక్క చేసిన పిల్లవాడి వెనక ఎన్ని రోజుల సాధన ఉందో మనకు తెలుసు కదా, ఇదీ అంతే.

హమాడా తన పాత్రల మీద సంతకం చేసేవాడు కాదు. ఎవరు చేశారో చూసి కొనకూడదు, చేతికి నప్పితే కొనాలని ఆయన ఉద్దేశం. జపాన్ ప్రభుత్వం 1955లో ఆయన్ని ‘సజీవ జాతీయ సంపద’గా గుర్తించింది. ఒక కుమ్మరికి దేశం ఇచ్చిన గౌరవం అది. ఆయన 1978లో చనిపోయాడు. ఈ రోజుకూ మాషికోలో వందల మంది చేతి పాత్రలు చేస్తున్నారు. ఏటా వసంతంలో, శరదృతువులో జరిగే కుండల సంతకు దూర ప్రాంతాల నుంచి జనం వస్తారు.

అదే ఊళ్లో మినగావా మాసు అనే ఆవిడ ఉండేది. పెద్దగా చదువుకోలేదు. చిన్నప్పటి నుంచి టీ కూజాల మీద కొండ, చెట్టు, ఇల్లు, నీళ్లు ఉన్న బొమ్మ వేయడమే ఆమె పని. రోజుకు వందల కూజాలు వేసేది. పండితులు, కళాకారులు ఆ బొమ్మలను వెతుక్కుని వచ్చారు. యానగి సోయెత్సు అనే ఆలోచనాపరుడు, హమాడా, వాళ్ల మిత్రుడు కవాయి కంజిరో కలిసి 1925లో ‘మింగెయి’ అనే కొత్త మాట పుట్టించారు. మామూలు జనం మామూలు జనం కోసం చేసే కళ అని దాని అర్థం. అలాంటి వస్తువుల కోసం 1936లో టోక్యోలో ఒక మ్యూజియం కూడా తెరిచారు. అందులో చీపుర్లు, బుట్టలు, దుప్పట్లు, గిన్నెలు అద్దాల వెనక ఉంటాయి.

తినే పాత్రలో సరదా

జపాన్ ఇళ్లలో ఒక మంచి అలవాటు ఉంది. అన్నం గిన్నె ఎవరిది వాళ్లకే. అమ్మ గిన్నె, నాన్న గిన్నె, పిల్లల గిన్నె వేరు వేరు సైజుల్లో, వేరు వేరు బొమ్మలతో ఉంటాయి. మన ఇళ్లలో పేరు చెక్కించిన స్టీలు గ్లాసు గుర్తు చేసుకోండి. ‘నా గ్లాసు ఎవరు తీశారు?’ అని పిల్లలు గొడవ పడటం కూడా గుర్తుండే ఉంటుంది.

అరచేతిలో పట్టే చిన్న పళ్లేలు కూడా వాళ్ల దగ్గర ఉంటాయి. కుందేలు ఆకారం, సొరకాయ ఆకారం, చేమంతి పువ్వు ఆకారం. వాటిలో పచ్చడి, ఊరగాయ ముక్క పెడతారు. తినే పుల్లలను ఆనించడానికి చేప, పిల్లి, చిక్కుడుకాయ లాంటి చిన్న మట్టి బొమ్మలు చేస్తారు. చేత్తో చేసేవాళ్లు కావాలనే కొంచెం వంకరగా, కొంచెం అల్లరిగా చేస్తారు. రెండు పిల్లి బొమ్మల మొహాలు ఒకేలా ఉండవు. తినేవాడు అన్నం ముందు కూర్చోగానే ఒకసారి నవ్వుకోవాలి, అదే వాళ్ల ఆశ.

రైలు ప్రయాణంలో కూడా వాళ్లు మట్టి పాత్రను వదల్లేదు. యొకొకావా అనే స్టేషన్‌లో 1958 నుంచి కూరగాయలు, మాంసం కలిపి వండిన అన్నాన్ని మాషికో మట్టి కుండలో పెట్టి అమ్ముతున్నారు. తిన్నాక ఆ కుండను ఇంటికి తెచ్చుకుని అందులో ఒకరికి సరిపడా అన్నం వండుకోవచ్చు. మన దేశంలో 2004లో రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ స్టేషన్లలో మట్టి కప్పుల్లో టీ అమ్మాలని చెప్పారు. ఇప్పుడు మన హైవేల మీద హోటళ్లలో మట్టి కప్పు టీకి ఎక్కువ డబ్బులిచ్చి మరీ తాగుతున్నాం.

మన కుమ్మరి సారె

ఇదంతా చదివి జపాన్ గొప్పది, మనకేం లేదని అనుకోవద్దు. మన దగ్గర ఉన్నదాన్ని కొత్త కళ్లతో చూడటానికే ఆ కథ చెప్పాను.

పాత్రల పేర్లు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. కుండ, కడవ, బాన, చట్టి, దాక, మూకుడు, ముంత, పిడత, దుత్త, గురిగి, కూజా, ప్రమిద. ప్రతి పేరుకూ ఒక ఆకారం, ఒక పని ఉన్నాయి. నీళ్లకు కడవ, పెరుగుకు దుత్త, పులుసుకు చట్టి, మూతకు మూకుడు. డబ్బులు దాచుకోవడానికి చీలిక ఉన్న ముంత. ఇన్ని మాటలు ఉన్న భాషకు మట్టి పాత్ర ఎంత దగ్గరిదో ఆలోచించండి. ఇంగ్లిష్‌లో వీటిలో చాలా వాటికి ‘పాట్’ అనే ఒక్క మాటే వాడాలి. ఈ విషయంలో మన పిల్లలకు ఇంగ్లిష్ కంటే తెలుగే ఎక్కువ నేర్పుతుంది. ఇంగ్లిష్ చెప్పే టీచర్‌గా ఈ మాట సంతోషంగా ఒప్పుకుంటాను.

సరదా సంగతికి వస్తే, మన పిల్లల ఆటలోనే అది ఉంది. లక్కపిడతలతో బొమ్మరిల్లు కట్టి వంట చేసిన ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. బొటనవేలంత కుండ, దానికి మూత, చిన్న పొయ్యి. పెళ్లిళ్లలో రంగులు వేసి తెచ్చే అరివేణి కుండలు చూడండి. ఒక దాని మీద ఒకటి పేర్చి, చుక్కలు, గీతలు, పువ్వులతో అలంకరిస్తారు. వాటి కోసం మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్లే ఆచారం ఉంది. పెళ్లి ఇంటివాళ్లే ఆ ఇంటి గడప దగ్గరికి నడిచి వెళ్లడం ఎంత గౌరవమో చూడండి.

తిరుమలలో శ్రీవారికి మట్టి ఓడులో పెరుగన్నం నైవేద్యం పెట్టే సంప్రదాయం ఉంది. అంత బంగారం ఉన్న గుడిలో కూడా మట్టి పాత్రకు చోటు ఉంది. మట్టితో పూలు చేసి స్వామికి సమర్పించిన కుమ్మరి భీముడి కథ మన పెద్దలు చెప్పేదే. తెలుగులో రామాయణం రాసిన మొల్ల కుమ్మరుల ఇంట్లో పుట్టింది. ఆమె ఊరిగా చెప్పుకునే గోపవరం మనకు దక్షిణాన, కడప జిల్లా బద్వేలు దగ్గర ఉంది. చిత్తూరు జిల్లా పలమనేరు వైపు నేటికీ మట్టి బొమ్మలు, పాత్రలు చేసి బయటి ఊళ్లకు పంపుతున్నారు.

జపాన్ పనితనం మనకు దగ్గర్లోకి కూడా వచ్చింది. జపాన్‌లో కుండల పని నేర్చుకున్న డెబొరా స్మిత్ అనే అమెరికన్ మహిళ, రే మీకర్‌తో కలిసి 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. అక్కడి స్థానికులకు పని నేర్పించి, రోజూ వాడుకునే పళ్లేలు, గిన్నెలు, కప్పులు చేత్తో చేయించారు. ఇప్పుడు దేశంలో పేరున్న కుమ్మరి కళాకారుల్లో చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్లే. అంతకు ముందే సర్దార్ గురుచరణ్ సింగ్ జపాన్ వెళ్లి ఈ పని చూసి వచ్చి, 1952లో ఢిల్లీలో సొంత పాటరీ పెట్టారు. భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

కుండకు అడుగు ఎందుకు గుండ్రం?

ఇది మీ పిల్లలకు వేయదగిన ప్రశ్న. మన కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది. జపాన్ అన్నం గిన్నెకు అడుగున ఒక చిన్న చుట్టు ఉంటుంది. ఎందుకు?

మన కుండ మూడు రాళ్ల పొయ్యి మీదకు వెళ్లాలి. గుండ్రని అడుగుకు మంట నలువైపులా సమంగా తగులుతుంది. మూలలు లేవు కాబట్టి వేడికి ఒకచోట లాగినట్టై పగిలే ప్రమాదం తక్కువ. గరిటె తిప్పితే మూలల్లో మెతుకులు మిగలవు. కింద పెట్టాలంటే కుదురు ఉంది. జపాన్ గిన్నె పొయ్యి మీదకు వెళ్లదు. వేడి అన్నంతో దాన్ని చేతిలోకి ఎత్తుకుని తింటారు. అడుగున చుట్టు ఉంటే వేడి నేరుగా వేళ్లకు తగలదు, బల్ల మీద కదలకుండా నిలబడుతుంది. వంట పద్ధతి, తినే పద్ధతి మారితే గిన్నె ఆకారం మారుతుంది. సైన్స్, సోషల్ రెండూ ఒక్క గిన్నెలో ఉన్నాయి.

మరో ప్రశ్న. వేసవిలో కుండ నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? మన కుండ ఆవంలో సుమారు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వేడికి కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది కానీ కంటికి కనపడని రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. మిగిలిన నీరు చల్లబడుతుంది. అదే మట్టిని తగిన పాళ్లలో కలిపి 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే రంధ్రాలు దాదాపు మూసుకుపోతాయి. దాన్ని స్టోన్‌వేర్ అంటారు. మాషికో గిన్నెలు, పుదుచ్చేరి కప్పులు ఆ రకానివి. దాని మీద గాజులాంటి మెరుగు పూత ఉంటుంది కాబట్టి పులుసు పీల్చుకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన కొనకనమిట్ల, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉందని అందరికీ తెలుసు. కుండ నీటిని చల్లబరుస్తుంది, అంతే. ఫ్లోరైడ్‌ను తీసేయదు. నీళ్లు కాచినా అది పోదు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. కాబట్టి ముందు శుద్ధి చేసిన నీరు తెచ్చుకుని, ఆ తర్వాతే కుండలో పోయండి.

మన పలక, మన కుండ

మార్కాపురం పలకల గురించి పిల్లలకు చెప్పకుండా ఈ పాఠం పూర్తి కాదు. పలక రాయి కూడా ఒకప్పుడు మట్టే. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకున్న సన్నని ఒండ్రు, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి పొరలు పొరలుగా గట్టిపడి పలక రాయి అయింది. మన ప్రాంతపు ఈ రాళ్లకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లలో కంభం పేరు, నల్లమల పేరు ఉన్నాయి. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైనే. కుమ్మరి ఆవంలో కొన్ని గంటల్లో చేసే పనిని భూమి అన్ని కోట్ల ఏళ్లు చేసింది. అలా చూస్తే పలక, కుండ అక్కచెల్లెళ్లు.

మన తాతల తరం అక్షరాలు దిద్దింది ఆ పలక మీదే. నోటు పుస్తకాలు వచ్చాక పలకల గిరాకీ తగ్గింది. ఇప్పుడు విదేశాల్లో హోటళ్లు అదే రాయిని పళ్లెంగా వాడుతున్నాయి, దాని మీద తినుబండారాలు పెట్టి ఇస్తున్నాయి. రోజువారీ వస్తువును తక్కువగా చూడకూడదని చెప్పడానికి మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

చదువుకూ గిన్నెకూ ఏం సంబంధం?

పేరెంట్స్ మీటింగ్‌లో ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ‘మేడమ్, యూనిట్ టెస్ట్ మార్కుల సంగతి చెప్పండి, కుండలతో మాకేం పని?’ అని. న్యాయమైన ప్రశ్నే. ఎండలో మిరప, కంది పండించి, అప్పు చేసి ఫీజు కడుతున్న తల్లిదండ్రులు ఇలా అడగడంలో తప్పు లేదు. దీనికి నా దగ్గర మూడు జవాబులు ఉన్నాయి.

మొదటిది శ్రద్ధ. మాంటిస్సోరి అనే పేరు మీరు స్కూళ్ల బోర్డుల మీద చూసే ఉంటారు. మరియా మాంటిస్సోరి ఇటలీకి చెందిన డాక్టర్. 1907లో రోమ్ నగరంలో పేద పిల్లల కోసం బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి టీచర్లకు కూడా శిక్షణ ఇచ్చారు. ఆమె బడిలో చిన్న పిల్లలకు కూడా నిజమైన గాజు గ్లాసులు, పింగాణీ పళ్లేలు ఇచ్చేవారు. పడేస్తే పగులుతుందని తెలిసిన వస్తువును పిల్లవాడు రెండు చేతులతో పట్టుకుంటాడు, చూసుకుని నడుస్తాడు. ఎన్నిసార్లు పడేసినా ఏమీ కాని ప్లాస్టిక్ గిన్నె ఆ జాగ్రత్తను నేర్పలేదు. లెక్కలో గుర్తు తప్పు వేయకుండా చూసుకునే శ్రద్ధ, గిన్నెను పడకుండా పట్టుకునే శ్రద్ధ వేరు వేరు కావు. ఫోన్ చూస్తూ తినే పిల్లలకు ఏం తిన్నారో గుర్తుండదు. చేతిలో తనకంటూ ఒక గిన్నె, అందులో ఒక సరదా బొమ్మ ఉంటే చూపు ఒక్క నిమిషమైనా అన్నం మీదకు వస్తుంది.

రెండోది చేతి పని. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు ‘బ్యాగ్ లేని రోజులు’ ఉండాలని రాశారు. ఆ రోజుల్లో పిల్లలు స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. అంటే కుమ్మరి దగ్గరికి వెళ్లడం ఆటవిడుపు అనుకోనక్కర్లేదు, అది చదువులో భాగం.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, గౌరవం. ‘చదవకపోతే కుండలు చేసుకుని బతుకుతావా?’ అనే మాట మన ఇళ్లలో, ఒక్కోసారి మన బడుల్లో కూడా వినిపిస్తుంది. ఒకసారి క్లాసులో ‘మీ ఇంట్లోవాళ్లు ఏం పని చేస్తారో ఇంగ్లిష్‌లో చెప్పండి’ అన్నాను. రైతు, డ్రైవర్, టైలర్, షాపు అని అందరూ చెప్పారు. ఒక పిల్ల మాత్రం ‘బిజినెస్’ అని చెప్పి గబగబా కూర్చుంది. వాళ్ల తాత సారె తిప్పుతాడని నాకు తర్వాత తెలిసింది. తాత పనికి ఇంగ్లిష్ మాట ఆ పిల్లకు తెలుసు. పలకడానికి మొహమాటపడింది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ మొహమాటం ఎక్కడి నుంచి వచ్చింది? పెద్దవాళ్లం మనం అలవోకగా అనే మాటల నుంచే వచ్చింది.

చదువు వద్దు, కుండలు చేయండి అని ఎవరూ అనడం లేదు. ఆ పిల్ల డాక్టర్ కావాలనుకుంటే తప్పకుండా కావాలి. కానీ డాక్టర్ కావడానికి తాత పనిని దాచుకోవాల్సిన అవసరం ఉండకూడదు. చెరువు మట్టిలో ఏది కుండకు పనికొస్తుందో వేళ్లతో నలిపి చెప్పగలగడం, ఎంత ఇసుక కలపాలో, ఎన్ని రోజులు నీడన ఆరాలో, ఆవంలో ఎప్పుడు మంట పెంచాలో తెలియడం ఒక విద్య. పుస్తకంలో లేనంత మాత్రాన అది విద్య కాకుండా పోదు. హమాడా కాలేజీలో చదివిన తర్వాత కూడా పల్లెటూరి కుమ్మరుల మధ్యకు వెళ్లింది ఆ విద్య కోసమే.

ఈ నెల ఇంట్లో చేయదగిన పనులు

ఒకటి. వంటింట్లో ఉన్న పాత్రలను పిల్లలతో లెక్కపెట్టించండి. స్టీలు, ప్లాస్టిక్, గాజు, మట్టి అని నాలుగు గళ్ల పట్టిక గీయించండి. వాటిలో చేత్తో చేసినవి ఎన్నో వేరుగా రాయించండి. మూడో తరగతి నుంచి పిల్లలు దీన్ని బార్ గ్రాఫ్‌గా కూడా వేయవచ్చు.

రెండు. ఇంట్లో అవ్వ, తాత ఉంటే పాత మట్టి పాత్రల పేర్లు అడిగి పిల్లలతో రాయించండి. ఒక్కో పేరు పక్కన దాని బొమ్మ, దాని పని రాయాలి. పది పేర్లు దాటినవాళ్ల పట్టికను క్లాసు గోడ మీద పెడతాం.

మూడు. ఆదివారం వీలైతే దగ్గర్లోని కుమ్మరి ఇంటికి పిల్లల్ని తీసుకువెళ్లండి. ముందుగా అడిగి, వాళ్ల పనికి అడ్డం రాని సమయంలో వెళ్లండి. మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? కుండ ఆరడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆవంలో ఎన్ని పగులుతాయి? ఏ నెలలో ఎక్కువ అమ్ముడవుతాయి? పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఈ ఐదు ప్రశ్నలు పిల్లలే అడగాలి, జవాబులు పిల్లలే రాసుకోవాలి. ‘పెదనాన్నా’, ‘తాతా’, ‘అమ్మా’ అని వరస పెట్టి పిలవమని చెప్పండి. వచ్చేటప్పుడు బేరమాడకుండా ఒక్కటైనా కొనండి.

నాలుగు. చెరువు మట్టిని రాళ్లు ఏరి, జల్లించి, తడిపి బాగా పిసికి, చెంచా ఆనించుకునే చిన్న బొమ్మ చేయించండి. చేప, కాకి, బెండకాయ, ఏదైనా సరే. నీడన నాలుగైదు రోజులు ఆరనివ్వండి. కాల్చని మట్టి తడికి కరుగుతుంది కాబట్టి దానిలో తినే పదార్థం పెట్టవద్దు. వంకరగా వచ్చిందని మీరు సరిచేయవద్దు.

ఐదు. ఒక చిన్న మట్టి చట్టి కొని పిల్లవాడికి ‘ఇది నీది’ అని ఇవ్వండి. కొత్త చట్టిని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఒకసారి గంజి కాచి పారబోస్తే సన్నని రంధ్రాలు కొంత పూడుకుంటాయి. సబ్బుతో తోమవద్దు, మట్టి సబ్బును పీల్చుకుంటుంది. వేడి నీళ్లు, కొబ్బరి పీచు చాలు. అందులో పెరుగు తోడు పెట్టి చూపించండి. మట్టి కొంత నీటిని పీల్చుకోవడం వల్ల పెరుగు గట్టిగా వస్తుంది. వారంలో ఒక పూట, ఫోన్, టీవీ పక్కన పెట్టి అందరూ కింద కూర్చుని తినండి.

మెరిసే రంగు పూత ఉన్న గిన్నెలు కొనేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. కొన్ని చౌక రంగు పూతల్లో సీసం ఉండవచ్చు. పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. తినడానికి పనికొస్తుందని నమ్మకంగా చెప్పగలిగిన చోటే కొనండి, అనుమానం ఉన్నవాటిలో చింతపండు పులుసు, పచ్చడి, పెరుగు పెట్టవద్దు.

గిన్నె పగిలితే? పగులుతుంది, ఏదో ఒక రోజు తప్పకుండా పగులుతుంది. పెంకులు పెద్దవాళ్లే ఏరండి. పిల్లవాడిని కొట్టవద్దు, తిట్టవద్దు. ఎలా పట్టుకుంటే పడిపోయిందో వాడినే చెప్పమనండి. జపాన్‌లో పగిలిన గిన్నెను చెట్టు జిగురుతో అతికి, ఆ అతుకు మీద బంగారు పొడి అద్దుతారు. పగులును దాచరు, అందరికీ కనిపించేలా ఉంచుతారు. మన అవ్వలు ఓటి కుండను పారేయకుండా గింజలు వేయించే మంగలంగా వాడుకునేవాళ్లు. మీ పిల్లలు ఆ పెంకులో ఎండాకాలం పిట్టలకు నీళ్లు పెట్టవచ్చు.

ఈ నెల నేర్చుకునే మాటలు

క్లే అంటే బంకమట్టి. వీల్ అంటే సారె. కిల్న్ అంటే ఆవం. ఈ మాట చివర ‘న్’ను కొందరు పలకరు, రెండు విధాలా సరైనదే. గ్లేజ్ అంటే మెరుగు పూత. బౌల్ అంటే గిన్నె. హ్యాండ్‌మేడ్ అంటే చేత్తో చేసినది. పాటర్ అంటే కుమ్మరి. పిల్లలు ఒక్కో మాటతో ఒక్కో సొంత వాక్యం రాసుకుని రావాలి. ‘మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎ పాటర్’ అని రాయగలిగినవాళ్లు ఉంటే, ఆ వాక్యాన్ని వాళ్ల చేతే క్లాసులో గట్టిగా చదివిస్తాను. ఆ తాతగారు ఒప్పుకుంటే, సారెతో సహా మా బడికి రావాలని ఆహ్వానిస్తున్నాం. ఆ రోజు పాఠం చెప్పేది ఆయనే. పిల్లలతో పాటు మేం టీచర్లం కూడా కింద కూర్చుని వింటాం.

పట్టికలు, బొమ్మలు ఈ నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు అందజేయండి.


మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్